హెండ్రిక్స్ కచేరీ: ఫోన్‌లో, గేటు దగ్గర, స్టేజీ దిగాక మమ్మల్ని అడిగే ప్రశ్నలు

విజయవాడలో మేం ముగ్గురం కలిసి జిమీ హెండ్రిక్స్ లైవ్ కచేరీల మీద ఒక ట్రిబ్యూట్ ప్రోగ్రాం చేస్తుంటాం, అప్పుడప్పుడు గుంటూరులో కూడా. నేను బేస్ గిటార్ వాయిస్తాను, ఫోన్లు ఎత్తే పని కూడా నా నెత్తినే పడింది. పోస్టర్ బయటికొచ్చిన దగ్గర్నుంచి అవే డౌట్లు, అవే సమాధానాలు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మొదట్నుంచి చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోండి.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి

ఈ జిమీ హెండ్రిక్స్ ఎవరండీ? పేరే వినలేదు, వస్తే నాకేమైనా అర్థమవుతుందా?

అమెరికాలోని సియాటిల్‌లో 1942 నవంబర్ 27న పుట్టిన నల్లజాతి గిటారిస్టు. కుర్రతనంలో కొన్నాళ్లు సైన్యంలో పారాట్రూపర్‌గా పనిచేశాడు, బయటికొచ్చాక లిటిల్ రిచర్డ్, ఇస్లీ బ్రదర్స్ లాంటి పెద్దవాళ్ల వెనకాల నిలబడి వాయించాడు. 1966లో చాస్ చాండ్లర్ అనే ఆయన లండన్ తీసుకెళ్తే అక్కడ కొన్ని నెలల్లోనే పెద్ద పేరొచ్చేసింది. 1970 సెప్టెంబర్ 18న లండన్‌లోనే చనిపోయాడు, అప్పటికి 27 ఏళ్లు. ఎలక్ట్రిక్ గిటార్ అంటే ఇవాళ మీకు ఏ శబ్దం గుర్తొస్తుందో, సినిమా పాటల్లో వచ్చే గిటార్‌తో సహా, అందులో చాలా భాగం ఆయన చేత్తో మొదలైందో లేదా ఆయన వల్ల జనంలోకి వచ్చిందో అయ్యుంటుంది. కాబట్టి పేరు వినకపోయినా శబ్దం మీకు కొత్త కాదు. ప్రతి పాటకీ ముందు తెలుగులో నాలుగు ముక్కలు చెబుతాం, అది చాలు.

ట్రిబ్యూట్ అంటే ఆయన వేషం వేసుకుని వాయించడమా? విగ్గు, తలకి గుడ్డ, ఆ మిలిటరీ కోటు?

విగ్గు లేదు, ముఖానికి రంగు అసలే లేదు. అది మాకు ఇష్టం లేదు, చూసేవాళ్లకీ మంచిది కాదు. మా గిటారిస్టు మామూలు చొక్కాతోనే వస్తాడు. మేం దగ్గరగా వెళ్లాలని చూసేది ఆయన చెయ్యి ఎలా కదిలింది, ఏ రాత్రి ఏ పాటని ఎటు తీసుకెళ్లాడు అన్నదానికి.

ఇంకో సంగతి, ఆయనే పెద్ద ట్రిబ్యూట్ మనిషి. 1967 జూన్ 4న లండన్‌లో సావిల్ థియేటర్లో, బీటిల్స్ కొత్త ఆల్బమ్ వచ్చిన కొద్ది రోజులకే, దాని మొదటి పాటతోనే కచేరీ మొదలెట్టాడు, పాల్ మెకార్ట్‌నీ ఎదురుగా కూర్చుని ఉండగా. 1969 జనవరి 4న బీబీసీలో లైవ్ షో చేస్తూ తన సొంత హిట్టు 'హే జో'ని మధ్యలో ఆపేసి, అప్పటికే విడిపోయిన క్రీమ్ బృందం పాట ఎత్తుకున్నాడు, టైము అయిపోతున్నా ఆపలేదు. ఎవరి విగ్గూ పెట్టుకోలేదు, తన పద్ధతిలోనే వాయించాడు. మేం ట్రిబ్యూట్ అని వాడేది ఆ అర్థంలోనే.

రికార్డులో విన్నట్టే ఉంటుందా? నాకు ఆల్బమ్ అంతా కంఠతా వచ్చు.

ఉండదు. ఇది ముందే తెలుసుకుని వస్తే గేటు దగ్గర గొడవ ఉండదు.

స్టూడియోలో చేసిన పాట మూడు నాలుగు నిమిషాలు. అదే పాటని ఆయన ఒక ఊళ్లో ఆరు నిమిషాలు, ఇంకో ఊళ్లో పన్నెండు నిమిషాలు వాయించాడు, మొదలు కూడా ఒకేలా ఉండదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పద్యనాటకం చూసినవాళ్లకి ఇది చెప్పగానే ఎక్కుతుంది. పుస్తకంలో పద్యం నాలుగు పాదాలే, స్టేజీ మీద కృష్ణుడి వేషగాడు చివరి పాదం దగ్గర రాగం అందుకున్నాడంటే ఎక్కడ దిగుతాడో హార్మోనియం ఆయనకి కూడా తెలియదు, జనం వన్స్ మోర్ అంటే ఆ పద్యాన్నే మళ్లీ వేరే దారిలో పాడతాడు. ఆ నాటకాన్ని పుస్తకం పట్టుకుని సరిచూసుకుంటూ ఎవరూ చూడరు కదా. ఇదీ అంతే. మేం ఎంచుకున్నది ఆయన లైవ్ జీవితం, అంటే 1966 అక్టోబర్ 13న ఫ్రాన్స్‌లోని ఎవ్రూలో ఫ్రెంచ్ గాయకుడు జానీ హాలిడే కచేరీకి ముందు ఆయన కొత్త బృందం వాయించిన రోజు నుంచి 1970 సెప్టెంబర్ 6న జర్మనీలో ఫేమార్న్ దీవిలో వాయించిన ఆఖరి కచేరీ దాకా. నిండా నాలుగేళ్లు కూడా లేవు. ఆ కాలంలో ఆయన వాయించిన తీరు ఏడాదికేడాది మారిపోయింది, 1967లో ఉన్న మనిషి 1970లో లేడు. రికార్డు ఒక్కటే వింటే ఆ మార్పు సగమే తెలుస్తుంది.

అలాగని మేం నోటికొచ్చింది వాయించం. ఒక రాత్రి కచేరీని ఎంచుకుని దాని ఎత్తుగడ, మలుపులు, ముగింపు నేర్చుకుంటాం. మధ్యలో ఖాళీగా వదిలిన చోట్ల మావాడి సొంతం.

పాటలు ఇంగ్లీషులోనే పాడతారా?

అవును. తెలుగులోకి మార్చి పాడమని ఒకరిద్దరు పెద్దవాళ్లు ప్రేమగా అడిగారు. ఆ అందం తెలుగులో రాదు, మేం కవులం కాదు.

పిల్లల్ని తీసుకురావచ్చా? సౌండ్ మరీ ఎక్కువగా ఉంటుందా?

గట్టిగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. చెవులకి సంబంధించి అమెరికాలోని నియోష్ అనే సంస్థ చెప్పే లెక్క ఏమిటంటే 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు తట్టుకోవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది, 100 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. రాక్ కచేరీలో ముందు వరసలు సులభంగా ఆ దరిదాపుల్లో ఉంటాయి. స్పాంజి ఇయర్‌ప్లగ్స్ మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, కొనుక్కుని రండి, వాటిని పెట్టుకుని వింటే మమ్మల్ని అవమానించినట్టు కాదు, నేనూ పెట్టుకునే వాయిస్తాను. స్కూలు పిల్లలైతే వెనక వరసల్లో, చెవులకి మఫ్స్‌తో. చంకలో పసిబిడ్డతో మాత్రం రావద్దండీ, టికెట్ డబ్బులు వెనక్కిచ్చి మరీ పంపిస్తాం.

గుంటూరు నుంచి వస్తే రాత్రి తిరుగు బస్సు దొరుకుతుందా?

రాత్రి 10 లోపే ముగించేస్తాం. విజయవాడ బస్టాండు నుంచి మంగళగిరి మీదుగా గుంటూరుకి బస్సులు బాగా పొద్దుపోయేదాకా ఉంటాయి, 35 కిలోమీటర్లు ఎంతసేపు! ఆఖరి పాట ఎగ్గొట్టి పరిగెత్తాల్సినంత టెన్షన్ అక్కర్లేదు.

## హాల్లో కూర్చున్నాక

ప్రోగ్రాంలో ఏ వరసలో ఏం వస్తాయి?

కాలక్రమంలో వెళ్తాం. ముందు 1967 జూన్ 18, అమెరికాలోని మాంటరే సంగీతోత్సవం. నోయెల్ రెడింగ్ బేస్, మిచ్ మిచెల్ డ్రమ్స్, అంతా వేగం, దూకుడు, అమెరికాకి నన్ను చూడండి అని వచ్చి చెప్పిన రోజు. తర్వాత 1969 ఫిబ్రవరిలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్, అక్కడ నెమ్మదైన బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాత పాటల బాణీ, ఎక్కువ. ఆ పైన అదే ఏడాది అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం నుంచి ఒక భాగం. ఇంటర్వెల్ తర్వాత, మాకందరికీ ప్రాణమైన ఫిల్‌మోర్ ఈస్ట్ హాలు.

న్యూయార్క్‌లో 1969 డిసెంబర్ 31, 1970 జనవరి 1, రెండు రాత్రులు, రాత్రికి రెండేసి కచేరీలు. పాత బృందం లేదు. సైన్యంలో ఉండగా పరిచయమైన బిల్లీ కాక్స్ బేస్, బడీ మైల్స్ డ్రమ్స్. గెంతులు తగ్గిపోయాయి, ఎక్కువసేపు ఒకచోట నిలబడి తలొంచుకుని వాయించాడు. 'మెషిన్ గన్' ఆ రెండో రాత్రిది వినండి, పన్నెండు నిమిషాలకి పైగా ఉంటుంది. డ్రమ్స్ తుపాకీ మోతలా కొడుతుంటే గిటార్ ఒకే ఒక్క స్వరాన్ని పట్టుకుని చాలాసేపు వదలదు. బేస్ వాయించేవాడిగా ఆ పాటలో నా పని దాదాపు ఒకే ముక్కని మళ్లీ మళ్లీ వాయించడం, కదలకుండా. చూసేవాళ్లు 'బేస్ ఆయనకి పనేం లేదు' అనుకుంటారు, ఫర్వాలేదు, అక్కడ నేను కొంచెం ఊగితే పైనున్నది మొత్తం కూలిపోతుంది.

గిటార్ తగలబెడతారా? దానికోసమే వస్తున్నాం.

తగలబెట్టం. ఏ ఆడిటోరియంలోనూ స్టేజీ మీద నిప్పుకి ఒప్పుకోరు, వెనకాల తెరలు, పైన వైర్లు.

ఆయన కూడా రోజూ తగలబెట్టాడనుకుంటారు గానీ అది చేతివేళ్ల మీద లెక్కపెట్టేటంత అరుదు. మొదటిసారి 1967 మార్చి 31న లండన్ ఆస్టోరియాలో, బాగా తెలిసినది అదే ఏడాది జూన్‌లో మాంటరేలో. ఆ రెండోది కెమెరాకి దొరికింది కాబట్టి అదే ఫొటో అందరి బుర్రలో ఉండిపోయింది. తర్వాత తర్వాత జనం పాట వినకుండా ఆ విన్యాసాలే అడుగుతుంటే ఆయనకే విసుగొచ్చింది.

పళ్లతో వాయిస్తారా మరి?

ఒక్కసారి, ఒక్క పాటలో. అడిగినప్పుడల్లా మాత్రం కాదు, ఉక్కు తీగ మీద పన్ను ఎనామెల్ ఎంతకాలం నిలుస్తుందో మీరే ఆలోచించండి.

అమెరికా జాతీయగీతం మన ఊళ్లో ఎందుకండీ వాయించడం? మేం లేచి నిలబడాలా?

నిలబడక్కర్లేదు. అది గీతాలాపన కాదు, కచేరీలో ఒక భాగం.

ఎందుకంటే, వుడ్‌స్టాక్ నుంచి ఒక్కటే తీసుకోవాలంటే అదే తీసుకోవాలి. 1969 ఆగస్టు 18, సోమవారం పొద్దున. కార్యక్రమం ఆదివారంతో అయిపోవాల్సింది, వానలతో, ఆలస్యాలతో జరిగి జరిగి ఆయన వంతు తెల్లారాక వచ్చింది. అప్పటికి లక్షల జనంలో చాలామంది మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు బురదలో ఉన్నారు. వియత్నాం యుద్ధం నడుస్తోంది. ఆయన ఆ గీతాన్ని ఒంటి గిటార్ మీద మొదలెట్టి, సాహిత్యంలో రాకెట్లు, బాంబుల మాట వచ్చేచోట గిటార్‌తోనే విమానాల కూత, పేలుళ్లు, ఏడుపులాంటి శబ్దాలు తెచ్చి, మళ్లీ స్వరానికి తిరిగొచ్చాడు. ఆయన అందులో దేశాన్ని తిట్టాడా, దేశం కోసం ఏడ్చాడా అని ఇప్పటికీ వాదించుకుంటారు. తర్వాత ఒక టీవీ కార్యక్రమంలో అడిగితే తనకి అది అందంగానే అనిపించిందని చెప్పాడు. మాటలు లేకుండా ఒక్క వాయిద్యంతో అంత చెప్పొచ్చని తెలియడానికే మేం దాన్ని వాయిస్తాం. విజయవాడలో ఆ నాలుగు నిమిషాలూ హాల్లో దగ్గు కూడా వినపడదు.

మధ్యలో సినిమా పాటలు వేయమని అరవొచ్చా?

అరవండి, ఆనందంగా వింటాం, వేయం. ఇది మాకొక్కళ్లకే వచ్చిన కష్టం కాదు. 1967 జులైలో హెండ్రిక్స్‌ని తీసుకెళ్లి మంకీస్ అనే టీవీ కుర్రాళ్ల బృందానికి ముందు వాయించమన్నారు. వచ్చినవాళ్లంతా చిన్నపిల్లలు, వాళ్లకి కావాల్సింది మంకీస్, ఆయన వాయిస్తున్నంతసేపూ వాళ్ల పేర్లే అరిచారు. కొన్ని కచేరీలయ్యాక ఆ టూర్ వదిలేసి వెళ్లిపోయాడు. మేం అలా వెళ్లిపోంలెండి, హాలు అద్దె కట్టేశాం కదా.

ఫోన్లు ఆఫ్ చేయమని అంత గట్టిగా ఎందుకు చెబుతారు? వీడియో తీసుకోకూడదా?

తీసుకోండి. ముందు రెండు వరసలవాళ్లు మాత్రం ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీసుకోండి. మేం వాడే రకం గిటార్లో పికప్స్ సింగిల్ కాయిల్, అంటే అయస్కాంతం చుట్టూ తీగ చుట్టిన చిన్న చుట్ట. తీగ కదలికతోపాటు చుట్టుపక్కల తిరిగే ఏ విద్యుత్ గోలనైనా అది పట్టేస్తుంది, దాన్ని ఫజ్ పెడల్, అంటే శబ్దాన్ని గరగరమనిపించే కాలికింది పెట్టె, పదింతలు చేస్తుంది. మీకు ఫోన్ రాగానే స్పీకర్లో టకటకమని మోగుతుంది. 1970 ఆగస్టు ఆఖర్లో బ్రిటన్‌లోని ఐల్ ఆఫ్ వైట్ కచేరీలో సెక్యూరిటీవాళ్ల వాకీటాకీ మాటలు హెండ్రిక్స్ ఆంప్‌లోంచి (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) వినిపించాయి, రికార్డింగ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. దాంట్లో ఉంటే చరిత్ర, మా దాంట్లో మీ ఆఫీసు కాల్ వస్తే అంత బాగుండదు.

## గిటార్, పెడల్స్ గురించి అడిగేవాళ్లకి

ఆ గిటార్ తలకిందులుగా ఉందేంటి?

హెండ్రిక్స్ ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ల కోసం చేసిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ని తిప్పి పట్టుకుని, తీగలు మాత్రం తన చేతికి తగ్గట్టు మళ్లీ కట్టుకుని వాయించేవాడు. ఎడమచేత్తో వాయిస్తే వాళ్ల నాన్నకి నచ్చేది కాదని, ఆయన గదిలోకి వస్తే కుడిచేతికి మార్చేవాడని వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పారు. మన ఇళ్లల్లో ఎడమ చేత్తో అన్నం ముట్టుకుంటే పడే మొట్టికాయ గుర్తొస్తే అది మీ తప్పు కాదు.

తిప్పడం వల్ల శబ్దంలో తేడా వస్తుంది. స్ట్రాట్‌లో బ్రిడ్జి (తీగలు కింద ఆనే చోటు) దగ్గరున్న పికప్ ఏటవాలుగా ఉంటుంది. గిటార్ తిరగబడితే ఆ వాలు కూడా తిరగబడి, లావు తీగలు కాస్త చురుగ్గా, సన్న తీగలు కాస్త మెత్తగా వినిపిస్తాయి. మావాడిది కుడిచేతి వాటం, అందుకని ఎడమచేతివాళ్ల కోసం చేసిన గిటార్‌ని తిప్పి వాయిస్తాడు. ఇక్కడి షాపుల్లో ఎడమచేతి గిటార్ అడిగితే ఆర్డర్ పెట్టుకోమంటారు, అది వేరే కథ.

ప్రతి రెండు పాటలకీ ట్యూనింగ్ ఎందుకు? ముందే చేసుకుని రావచ్చుగా?

చేసుకునే వస్తాం. ఆయన చాలా కచేరీల్లో తీగల్ని అర మెట్టు కిందికి దించి వాయించాడు, మేమూ అంతే, వదులు తీగలు తొందరగా జరిగిపోతాయి. దానికి తోడు తీగల బిగింపు మార్చే విబ్రాటో కడ్డీ పట్టుకుని ఊపేస్తుంటే తీగ మళ్లీ సరిగ్గా అక్కడికే రావాలంటే కష్టం. పైగా మన వాతావరణం: గ్రీన్‌రూమ్‌లో ఏసీ చలి, స్టేజీ మీద లైట్ల వేడి, కృష్ణ ఒడ్డు ఉక్కపోత. ఆయన కూడా స్టేజీ మీదే ట్యూన్ చేసుకుంటూ జనంతో కబుర్లు చెప్పేవాడు.

ఆ వావ్ వావ్ శబ్దం, ఆ గరగర, ఆ గిరగిరా తిరిగే శబ్దం ఎలా వస్తాయి?

కాలికింద నాలుగు పెట్టెలుంటాయి. వావా పెడల్: మడమ, మునివేళ్లతో ఊపుతుంటే శబ్దంలో ఏ పొర పైకి రావాలో మారుతుంటుంది, నోరు తెరిచి మూసినట్టు. ఆక్టేవియా: వాయించిన స్వరానికి ఒక స్థాయి పైన ఇంకో స్వరాన్ని కలుపుతుంది, రోజర్ మేయర్ అనే ఎలక్ట్రానిక్స్ ఆయన హెండ్రిక్స్ కోసం చేసి పెట్టింది. యూనివైబ్: గిరగిరా తిరిగేది అదే, వుడ్‌స్టాక్ నుంచి బాగా వినిపిస్తుంది.

నాలుగోది ఫజ్ ఫేస్, దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే విజయవాడ ఎండతో దానికి పడదు. గుండ్రటి పెట్టె, లోపల రెండే రెండు ట్రాన్సిస్టర్లు. మొదట్లో వచ్చినవాటిలో అవి జెర్మేనియంవి. జెర్మేనియంకి వేడి తగిలితే లోపల కరెంటు లీకవడం పెరుగుతుంది, అప్పుడు పెడల్ నున్నగా పాడటం మానేసి ఉమ్మేసినట్టు తెగి తెగి మోగుతుంది. రోహిణి కార్తెలో మా ఆటోనగర్ షెడ్డులో మధ్యాహ్నం ప్రాక్టీసు పెట్టుకుంటే అది పావుగంటలో చేతులెత్తేస్తుంది. ఐస్ మీద పెట్టొచ్చు కదా అంటారు, తడి చేరితే అసలుకే మోసం. కాబట్టి ఎండాకాలం కచేరీలకి దాన్ని టవల్లో చుట్టి ఏసీ గదిలోనే ఉంచి, ఆ పాట వచ్చేముందు తెచ్చి తగిలిస్తాం, పక్కన సిలికాన్ ట్రాన్సిస్టర్లున్న ఇంకో ఫజ్ రెడీగా ఉంటుంది. సిలికాన్‌ది కాస్త కరుకు, వేడికి మాత్రం చలించదు. హెండ్రిక్స్ కూడా తర్వాత సిలికాన్‌వి వాడాడు.

చెయ్యి తీసేసినా గిటార్ మోగుతూనే ఉంటుందేంటి? రికార్డు ప్లే చేస్తున్నారా?

కాదండీ, అది ఫీడ్‌బ్యాక్. ఆంప్‌ని బాగా పెంచి గిటార్‌ని దానికెదురుగా పెడితే స్పీకర్ గాలి తీగని ఊపుతుంది, ఆ ఊపుని పికప్ పట్టి మళ్లీ స్పీకర్‌కే పంపుతుంది, అలా అది ఆగదు. ఎంత దూరంలో నిలబడ్డాడు, ఏ కోణంలో తిరిగాడు అన్నదాన్ని బట్టి ఏ స్వరం నిలుస్తుందో మారుతుంది, ఒక్క అడుగు పక్కకేస్తే వేరే స్వరం. అందుకే సౌండ్ చెక్‌లో మావాడు స్టేజీ మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటాడు.

దీంట్లో అసలు చిక్కు సౌండాయనతో. కీచుమంటే వెంటనే తగ్గించడం ఆయన వృత్తిధర్మం. ఒక హాల్లో మావాడు ఆ స్వరాన్ని పట్టి నిలబెట్టగానే ఆయన ఫేడర్ కిందికి లాగేశాడు. మళ్లీ పట్టాడు, మళ్లీ లాగాడు. మూడోసారికి మావాడు మైకులో 'అన్నా, అది కూత కాదు, పాటే' అన్నాడు. 'పాటైతే ఆపడం ఎలా మరి?' అని ఆయన. మంచి ప్రశ్నే. అప్పట్నుంచి ఎక్కడెక్కడ ఎంతసేపు కూత రావాలో కాగితం మీద రాసి ఇస్తున్నాం.

## మమ్మల్ని పిలవాలనుకునేవాళ్లకి

కాలేజీ ఫెస్ట్‌కి వస్తారా? పెళ్లికి? వినాయకచవితి పందిరికి?

కాలేజీకి తప్పకుండా. పెళ్లికి వద్దండీ, మా మోతకి బంధువులు మాట్లాడుకోలేరు, మీకే చెడ్డపేరు. పందిళ్ల దగ్గర జనం డాన్స్ వేసే పాటలు కావాలి, పన్నెండు నిమిషాల యుద్ధం పాట కాదు.

కరెంటు, సౌండ్ విషయంలో మా వైపు నుంచి ఏం చూసుకోవాలి?

ఎర్తింగ్. మిగతావన్నీ దాని తర్వాతే. ఇది ఫార్మాలిటీ కాదు. గిటార్ తీగలు ఆంప్ ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైకు వేరే లైన్ నుంచి వస్తుంది. ఈ రెంటిలో ఒకదానికి ఎర్త్ సరిగ్గా లేకపోతే, తీగలు పట్టుకున్నవాడి మూతి మైకుకి తగలగానే 230 వోల్టుల కరెంటు వాడి గుండా పోవచ్చు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు స్టేజీ మీద మైకు ముట్టుకుని అలాగే చనిపోయాడు. మైదానంలో జనరేటర్ పెడితే దానికి విడిగా ఎర్త్ రాడ్ దింపించండి. మేం వచ్చాక టెస్టర్, మీటర్ పెట్టి చూస్తాం, తేడా ఉంటే సరిచేసేదాకా ప్లగ్ పెట్టం, మంత్రిగారు ముందు వరసలో కూర్చున్నా సరే.

రెండోది, సీరియల్ సెట్లు, డిమ్మర్ లైట్లు మా లైన్ మీద వద్దు, వేరే ఫేజ్ ఇప్పించండి. లేకపోతే కచేరీ అంతా వెనకాల గుయ్‌మని మోగుతూనే ఉంటుంది.

టైము, పోలీసు పర్మిషన్ సంగతి?

2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, మామూలు వేళల్లో కూడా రాతపూర్వక అనుమతి ఉండాలి. తలుపులు మూసిన ఆడిటోరియం లోపల వినిపించేదానికి మినహాయింపు ఉంది, అయినా మేం 10 దాటించం. అనుమతి తెచ్చుకోవడం నిర్వాహకుల పని.

కాపీరైట్ డబ్బులు కట్టాలా? ఆయన చనిపోయి ఇన్నేళ్లయిందిగా?

కట్టాలి. మన చట్టం ప్రకారం పాట రాసినవాళ్లు చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది, ఆయన 1970లో పోయాడు కాబట్టి ఇంకా 2030 చివరిదాకా ఉంది. పైగా ఆయన వాయించినవన్నీ ఆయన రాసినవి కావు, 'ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్' బాబ్ డిలాన్ రాసింది. టికెట్ పెట్టి చేసే కచేరీకి ఐపీఆర్ఎస్ (పాటలు రాసినవాళ్ల తరఫున డబ్బులు వసూలు చేసే సంస్థ) నుంచి లైసెన్సు తీసుకోవాలి, మేం పాటల జాబితా ముందే ఇస్తాం. టికెట్ లేకుండా, ఔత్సాహిక సంఘం వాళ్లు చేసుకునే కార్యక్రమానికి చట్టంలో మినహాయింపు ఉంది, అది మీకు వర్తిస్తుందో లేదో తెలిసిన లాయర్‌ని అడగండి. పోస్టర్ మీద ఆయన ఫొటో పెద్దగా వేసి మా పేరు చిన్నగా వేయకండి, ఆ కుటుంబానికి దీనికోసం కంపెనీయే ఉంది, మనకెందుకొచ్చిన తలనొప్పి.

## నేర్చుకుంటాం అనేవాళ్లకి

మా అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంటే అది పాడవుతుందా?

పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నప్పుడు కూడా ఇదే అన్నారు. గమకం తెలిసిన పిల్లకి తీగ లాగి స్వరం పైకి తీసుకెళ్లడం మిగతావాళ్లకంటే తొందరగా వస్తుంది, చెవి ముందే తయారై ఉంటుంది. హెండ్రిక్స్‌కి స్వరలిపి చదవడం రాదు, విని నేర్చుకున్నవాడే. వేళ్లు మొదట్లో కాయలు కాస్తాయి, వీణ వాయించే పిల్లైతే అదీ అలవాటే. ఇంటర్ పరీక్షల ముందు మాత్రం కొనివ్వకండి.

మొదటి గిటార్‌తోపాటు ఏ పెడల్స్ కొనాలి?

ఏవీ వద్దు. ఆ డబ్బుతో గిటార్‌ని తెలిసినవాళ్ల దగ్గర సెటప్ చేయించండి, మంచి తీగలు వేయించండి. బొటనవేలు మెడ మీదుగా వేసి లావు తీగ నొక్కడం, మిగతా వేళ్లతో పైన పాట నడపడం, ఆయన చేతిలో సగం కిటుకు అదే, దానికి పెట్టె అక్కర్లేదు.

కచేరీకి వచ్చేముందు ఏదైనా ఒక్కటి వినమంటే ఏది?

ఫిల్‌మోర్ ఈస్ట్ రాత్రులు, 1970లో 'బ్యాండ్ ఆఫ్ జిప్సీస్' పేరుతో వచ్చిన ఆల్బమ్. ఫోన్ స్పీకర్లో కాదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, లేకపోతే నా బేస్ వినపడదు.

మీ బృందంలో చేరొచ్చా?

గిటారిస్టులు వద్దు, వారానికొకరు ఫోన్ చేస్తున్నారు. మాకు కావాల్సింది ఇంకో డ్రమ్మర్, ఉన్నాయనకి ఉద్యోగంలో షిఫ్టులు మారినప్పుడల్లా ఇబ్బందవుతోంది. గట్టిగా కొట్టడం ఒక్కటే వస్తే సరిపోదు, మిచ్ మిచెల్‌ది జాజ్ చెయ్యి, గిటార్ ఎటెళ్తే అటు పక్కనే కబుర్లు చెబుతూ నడవాలి. ప్రాక్టీసు ఆటోనగర్‌లో, పక్క షెడ్డులో వెల్డింగ్ మొదలైతే లైటు డిమ్మవుతుంది, ఆంప్ గుర్రుమంటుంది, దానికి అలవాటు పడాలి. ఆదివారం సాయంత్రం రండి, డ్రమ్స్ ఉన్నాయి, స్టిక్స్ మాత్రం మీవే తెచ్చుకోండి.